ఎడిన్‌బరోలో మన బిడ్డ వారము



ఆదివారము ఆరాధనకు ముందు పళ్ళెములో వేసే ప్రార్థన మనవుల చీటీలు చదివితే ఆ ఊరి సంగతి సగము తెలిసిపోతుంది. పూర్వము వాన కొరకు, జ్వరము కొరకు, పెండ్లి సంబంధము కొరకు, మిరపకు ధర కొరకు వ్రాసేవారు. అవి ఇప్పటికీ ఉన్నవి. వాటి నడుమ ఈ కొన్నేండ్లలో మరొక రకము చేరినది. "మా అబ్బాయికి లండను వీసా రావలెను." "మా అమ్మాయికి అక్కడ పార్ట్‌టైము పని దొరకవలెను." కొత్తపట్నం మండలములో సరుగుడు తోటల వెనుక, సముద్రపు అంచున ఉన్న పల్లెల నుండి కూడ ఈ చీటీలు వస్తున్నవి.

వీసా చీటీకి మేము వెంటనే ప్రార్థన చేస్తాము. పార్ట్‌టైము చీటీ వచ్చినప్పుడు మాత్రము, కూడిక అయిన తరువాత ఆ తల్లిదండ్రులను కాసేపు ఆగమంటాము. "పని దేనికమ్మా? బిడ్డ తిండికా, ఇంటి వడ్డీకా?" అని అడుగుతాము. చాలాసార్లు జవాబు రెండవదే.

మా సంఘములో ఒక కుటుంబము ఉన్నది. పేరు, పల్లె చెప్పము. తండ్రి కౌలు పొలములో మిరప వేస్తాడు. 2025 ఆరంభములో మిరప ధర ఎట్లు పడిపోయినదో మీకు మేము చెప్పనక్కరలేదు. ఆ ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము క్వింటాలుకు 11,781 రూపాయలు లెక్కగట్టి ఆదుకుంటామని ప్రకటించవలసి వచ్చినది. అదే సంవత్సరము సెప్టెంబరులో ఆ ఇంటి పెద్దమ్మాయి ఎం.ఎస్సీ. చదువుకు స్కాట్లండు దేశములోని ఎడిన్‌బరో పట్టణము వెళ్ళినది. బ్యాంకు అప్పు ఫీజుకు సరిపోయినది. టిక్కెట్టుకు, గది అడ్వాన్సుకు, ఇతర ఖర్చులకు నాలుగు లక్షలు ఊరిలో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. నెలకు ఎనిమిది వేలు వడ్డీ. "అమ్మాయి పోయిన నెల నుండే పంపుతుందిలే" అన్న ధైర్యముతో తెచ్చిన అప్పు అది.

అయిదు నెలలైనా ఒక్క రూపాయి రాలేదు. తల్లి మా దగ్గరకు వచ్చి కంట తడి పెట్టుకొని, "అయ్యగారూ, పిల్ల ఏమైనా చెడిపోయిందేమో, ఫోనులో మాట కూడ తగ్గించింది" అన్నది.

మేము ఆ అమ్మాయికి కబురు చేసి ఒక్కటే అడిగాము. "అమ్మా, నీ వారము ఎట్లు గడుస్తుందో సోమవారము నుండి ఆదివారము వరకు గంటలతో సహా ఒక కాగితము మీద వ్రాసి పంపు. బాగుంది, బాగాలేదు అని వ్రాయవద్దు. గంటలు మాత్రము వ్రాయి." రెండు వైపులా నింపి, ఫోటో తీసి పంపినది. ఆమె అనుమతితోనే ఇక్కడ వ్రాస్తున్నాము.

ముందు ఆ పట్టణము గురించి రెండు మాటలు. ఎడిన్‌బరో నల్లని కొండరాతి మీద కోట, కోట నుండి రాజభవనము దాకా దిగే సుమారు మైలు పొడవు రాతి వీధి, ఆ వీధి మీద సెయింట్ జైల్స్ గుడి గల పాత పట్టణము. 1560లో స్కాట్లండు దేశము ప్రొటెస్టెంటు దేశముగా మారిన రోజులలో జాన్ నాక్స్ ఆ గుడికి కాపరి. ఆయన, ఆయనతోటి వారు అప్పుడే ప్రతి గుడి పక్కన ఒక బడి ఉండాలని వ్రాశారు. మన జిల్లాలలో మిషను కాంపౌండులలో గుడి, బడి పక్కపక్కన చూచి పెరిగిన వారికి ఆ మాట కొత్తగా ఉండదు. విశ్వవిద్యాలయానికి 1582లో రాజు పట్టా ఇచ్చాడు. పాత పట్టణమూ, 1767 తరువాత కట్టిన కొత్త పట్టణమూ కలిపి 1995లో ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేర్చారు. చూడ వచ్చేవారికి అది అద్భుతమే. చదువుకోను పోయిన బిడ్డకు ఆ రాళ్ళు, ఆ మెట్లు మరొక విధముగా తెలుస్తాయి.

సోమవారము. తొమ్మిదింటికి తరగతి. డిసెంబరు నెలలో అక్కడ సూర్యుడు ఎనిమిదీ నలభై ప్రాంతములో పైకి వస్తాడు, సాయంత్రము మూడూ నలభైకే దిగిపోతాడు. అంటే ఈ పిల్ల చీకటిలో లేచి, చీకటిలో నడిచి, తరగతి నుండి బయటకు వచ్చేసరికి మళ్ళీ చీకటి పడుతుంది. గది మూడవ అంతస్తులో. పాతకాలపు రాతి మెట్లు, లిఫ్టు లేదు. మరి ముగ్గురు ఆడపిల్లలతో కలిసి ఉంటున్నది. గది వెచ్చబెట్టుకొనుటకు కరెంటు ఖర్చు గనుక ఇంట్లో కూడ స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకొని కూర్చుంటారట. సముద్రపు గాలి అంటే మన కొత్తపట్నం పిల్లకు భయమేమిటి అనుకున్నాము గాని, "ఆ గాలి వేరు అయ్యగారూ, ఎముకలో దూరుతుంది" అని వ్రాసినది.

మంగళవారము గురించి ఎక్కువ వ్రాసినది. మేమూ ఎక్కువే వ్రాస్తాము, ఎందుకనగా ఇక్కడి తల్లిదండ్రులకు బొత్తిగా తెలియని సంగతి ఇది. ఆ రోజు పది పన్నెండు మంది పిల్లలను బల్ల చుట్టూ కూర్చోబెట్టి, వారము ముందు ఇచ్చిన పాఠముల మీద ఉపాధ్యాయుడు ప్రశ్నలు వేస్తాడు. పుస్తకములో ఏమున్నదని అడగడు. "నీవు ఏమనుకుంటున్నావు? ఈ గ్రంథకర్త చెప్పినది ఎక్కడ తప్పు?" అని అడుగుతాడు. ఉపాధ్యాయుని పేరు పెట్టి పిలవాలి. సర్ అనే మాట నోటి నుండి దిగదు, పేరు నోటికి ఎక్కదు. పెద్దల ముందు నోరు మూసుకొని ఉండుటయే వినయమని మనము నేర్పి పంపిన బిడ్డ అక్కడ మొదటి మూడు మంగళవారములు ఒక్క మాట మాట్లాడలేదు. అది వినయమని వారికి తెలియదు. పాఠము చదువలేదనుకుంటారు.

ఇక వ్రాత పని. ఇరవై క్రెడిట్ల పాఠము ఒకటి అంటే రెండు వందల గంటల పని అని అక్కడి లెక్క. క్రెడిట్టుకు పది గంటలు. ఒక సెమిస్టరుకు అరవై క్రెడిట్లు. పదిహేను వారములు అనుకొని భాగిస్తే వారమునకు నలభై గంటలు. అందులో తరగతిలో కూర్చునేది పదో పన్నెండో. మిగిలినదంతా గ్రంథాలయములో ఒంటరిగా చదివి, ఆలోచించి వ్రాయవలసినదే. "రోజుకు రెండు గంటలే క్లాసు, తతిమ్మా టైమంతా ఖాళీయే గదా" అని ఇక్కడ అరుగుల మీద చెప్పుకునేవారు ఈ లెక్క ఒకసారి వేసుకోవలెను. ఒకరి వాక్యము ఎత్తి తన వ్యాసములో పెట్టుకుంటే కంప్యూటరు పట్టి ఇస్తుంది. అచ్చముగా కంఠస్థము చేసి దించితే ఇక్కడ మెచ్చుకుంటాము, బహుమానమిస్తాము, మన సండే స్కూలులోను అంతే. అక్కడ దానికి దొంగతనమని పేరు.

ఆమె మొదటి వ్యాసమునకు 62 మార్కులు వచ్చాయి. తండ్రి ఆ సంగతి నెల రోజులు ఎవరికీ చెప్పలేదు. ఇంటర్మీడియటులో తొంభైకి తగ్గని పిల్ల! మేము కనుక్కొని చెప్పాము. అక్కడ ఎం.ఎస్సీ.కి 50 వస్తే ఉత్తీర్ణత, 60 దాటితే మంచి తరగతి, 70 వస్తే డిస్టింక్షను. తొంభై అనే మాట అక్కడ దాదాపు వినబడదు. ఆ సాయంత్రము ఆయన ఇంటికి పోతూ దారిలో ఇద్దరిని ఆపి మరీ చెప్పాడట, మా అమ్మాయికి 62 అని.

బుధవారము మధ్యాహ్నము ఆ దేశములో చాలా విశ్వవిద్యాలయములలో తరగతులు పెట్టరు, ఆటలకు వదిలేస్తారు. మన అమ్మాయి ఆట నాలుగు రోజులకు సరిపడ పప్పు, కూర వండిపెట్టుకోవడము, బట్టలు ఉతుక్కోవడము. ఇంటి మిరపకాయలు తీసుకుపోయినది గదా, మొదటి రోజు ఎండుమిర్చితో తాలింపు వేసేసరికి ఇంటి కప్పుకు బిగించిన పొగ గంట మోగి, మూడు అంతస్తుల వారు బయటకు వచ్చి నిలబడ్డారట. అప్పటి నుండి కిటికీ తెరచి, చలిలో వణుకుతూ తాలింపు వేస్తున్నారు. చదివి మేము నవ్వుకున్నాము. తల్లి నవ్వలేదు, "ఆ చలిలో కిటికీ తీస్తే దగ్గు పట్టదా" అన్నది.

దగ్గు పట్టినది కూడ. పది రోజులు డాక్టరు దగ్గరకు పోలేదు, బిల్లు ఎంత వేస్తారోనని. ఇది తెలియక చేస్తున్న కష్టము. వీసాకు కట్టినప్పుడే చదువుకునే పిల్లల వద్ద ఏడాదికి 776 పౌండ్ల చొప్పున ఆరోగ్య రుసుము తీసుకుంటారు. అది కట్టిన బిడ్డ అక్కడి ప్రభుత్వ వైద్యుని దగ్గర పేరు వ్రాయించుకుంటే చూపించుకొనుటకు డబ్బు అక్కరలేదు. స్కాట్లండులోనైతే 2011 నుండి డాక్టరు వ్రాసి ఇచ్చిన మందులకు కూడ డబ్బు తీసుకోరు. మీ బిడ్డలు అక్కడ ఉంటే ఈ రాత్రే చెప్పండి, పేరు వ్రాయించుకోమని.

గురువారము, శుక్రవారము సాయంత్రము అయిదు నుండి పదకొండు వరకు, శనివారము ఎనిమిది గంటలు ఒక హోటలు వంటింట్లో గిన్నెలు కడగడము. ఆరూ ఆరూ ఎనిమిదీ, ఇరవై. చదువు జరిగే రోజులలో డిగ్రీ విద్యార్థికి వారమునకు ఇరవై గంటలకు మించి పని చేయకూడదని ఆ దేశపు వీసా నిబంధన. వారము అంటే సోమవారము నుండి ఆదివారము వరకు. ఈ వారము పది చేశాను గనుక వచ్చే వారము ముప్పై చేస్తానంటే కుదరదు.

ఇప్పుడు అసలు లెక్క చూద్దాము. పలక, బలపము తెచ్చుకోండి.

2025 ఏప్రిల్ నుండి ఆ దేశములో 21 ఏండ్లు దాటిన వారికి గంటకు ఇవ్వవలసిన కనీస కూలి 12 పౌండ్ల 21 పెన్నీలు. ఇరవై గంటలకు 244 పౌండ్లు. ఒక్క వారము కూడ మానకుండ, ఒక్క పరీక్షకు సెలవు పెట్టకుండ ఏడాదంతా చేసినా నెలకు సగటున 1,058 పౌండ్లు. లండను బయట ఒక విద్యార్థి బ్రతుకుటకు నెలకు ఎంత కావలెనని ఆ ప్రభుత్వమే 2025 జనవరిలో లెక్క కట్టినది? 1,136 పౌండ్లు. అనగా చట్టము ఒప్పుకున్నంత పని అంతా చేసినా తన తిండికి, గదికే నెలకు 78 పౌండ్లు తక్కువ. ఫీజు ఇందులో లేదు, అది ఆ విశ్వవిద్యాలయములో విదేశీ విద్యార్థికి ఏడాదికి ఇరవై వేల పౌండ్లకు పైమాటే. ఆ తరువాత ఈ కూలి, ఈ ఖర్చు రెండూ కొంచెము పెరిగినవి గాని మధ్య ఎడము పూడలేదు.

కాబట్టి ఇంటికి పంపుటకు మిగలదు. ఆ పిల్ల చెడిపోలేదు, దాచుకోలేదు. మిగలదు, అంతే.

మరి కొందరు పంపుతున్నారు గదా అంటారా? ఎట్లు పంపుతున్నారో ఆమె శుక్రవారము గడిలో వ్రాసినది. హోటలు వాడు ఇరవై గంటలు పుస్తకములో వ్రాసి, మరి పది గంటలు పుస్తకములో లేకుండ చేయమంటాడు, కూలి తగ్గించి చేతికి ఇస్తాడు. మరికొందరు పిల్లలు వేరొకరి పేరు మీద ఉన్న ఖాతా అద్దెకు తీసుకొని సైకిలు మీద ఇంటింటికి భోజనము చేరవేస్తారు. విద్యార్థి వీసా మీద సొంత వ్యాపారముగా లెక్కకు వచ్చే పని అసలే చేయరాదు, అందులోను పరాయి పేరుతో. దొరికితే చదువు, వీసా, కట్టిన ఫీజు అన్నీ ఒక్క రోజున పోతాయి. జీతము ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయుటకు నోరుండదు. ఈ గడి కింద చిన్న అక్షరములతో "నాన్న వడ్డీ అడిగిన వారమే నాకు ఆ పది గంటలు చేయాలనిపిస్తుంది అయ్యగారూ" అని వ్రాసినది.

ఎనిమిది వేల వడ్డీ అంటే సుమారు డెబ్బై పౌండ్లు. ఆమె చేతిలో అది ఆరు గంటల గిన్నెలు. ఇరవై తరువాత వచ్చే ఆరు గంటలు. మన పిల్లలు దొంగలు కారు. ఇక్కడ నుండి పోయే ఫోనే వారిని ఆ తలుపు దాకా తోస్తున్నది.

ఫోను మాట వచ్చినది గనుక ఇదొకటి. వీరింట తెల్లవారి ప్రార్థన అయిన వెంటనే, ఆరు గంటలకు బిడ్డకు ఫోను చేసే అలవాటు. చలికాలములో ఆ దేశము మనకంటే అయిదున్నర గంటలు వెనుక. మనకు ఉదయము ఆరు అయితే అక్కడ అర్ధరాత్రి పన్నెండున్నర. పదకొండింటికి గిన్నెల దగ్గర నుండి వచ్చి, అన్నము తిని నడుము వాల్చిన పిల్లకు ఆ ఫోను. మాట తగ్గించక ఏమి చేస్తుంది? ఎండాకాలములో వారు గడియారము ఒక గంట ముందుకు జరుపుకుంటారు, అప్పుడు నాలుగున్నర గంటలే తేడా. మన రాత్రి భోజనాల వేళ చేస్తే వారికి మధ్యాహ్నము, లేదా సాయంత్రము అవుతుంది.

గడియారము అంటే ఎడిన్‌బరోలో ఒక వింత ఉన్నది. కోట మీద నుండి ప్రతి మధ్యాహ్నము సరిగా ఒంటిగంటకు ఒక ఫిరంగి పేలుస్తారు. 1861 నుండి జరుగుతున్నది. రేవులోని ఓడలవారు గడియారములు సరిచేసుకొనుటకు పెట్టిన ఏర్పాటు. పన్నెండింటికైతే పన్నెండు గుండ్లు కాల్చవలసి వస్తుందని పొదుపు కోసము ఒంటిగంటకు పెట్టుకున్నారని అక్కడివారే నవ్వుకుంటారు. ఆదివారము మాత్రము ఆ ఫిరంగి పేలదు. "శబ్దము వినబడకపోతే ఆదివారమని గుర్తు" అని మన అమ్మాయి వ్రాసినది.

ఆదివారము ఆమె గుడికి పోతుంది. ఆ పట్టణములో గుడి గోపురములకు కొదువ లేదు గాని చాలావాటిలో ఇప్పుడు ఆరాధన లేదు. ఊరంతటిలో ఎత్తైన గోపురము గల గుడి కోటకు దగ్గరలోనే ఉన్నది. 1840లలో కట్టినది. ఇప్పుడు అది సంగీత, నాటకోత్సవముల వారి కేంద్రము. పోయిన వంద ఏండ్లలో లోకము నలుమూలలకు మిషనరీలను పంపిన ఊరిలో, ఆరాధనకు వచ్చేవారిలో తలలు నెరసినవారే ఎక్కువ. మొదటి ఆదివారము ఆమె వెనుక బల్ల మీద కూర్చున్నది. కూడిక అయిన తరువాత టీ ఇస్తూ ఒక ముసలమ్మ పేరు అడిగినది. రెండవ ఆదివారము ఆ పేరు తప్పు లేకుండ పలికినది. కాగితములో ఆదివారము గడిలో ఉన్నది ఈ సంగతి ఒక్కటే.

ఆ గడి చదివినప్పుడు మాకు 1910 జూన్ జ్ఞాపకము వచ్చినది. అదే పట్టణములో, కోట దిగువన ఉన్న అసెంబ్లీ హాలులో, లోకములోని మిషనులవారి మహాసభ జరిగినది. పన్నెండు వందల మంది ప్రతినిధులు. భారతీయులు వ్రేళ్ళ మీద లెక్కింపదగినంత మందే. వారిలో దోర్నకల్లు ప్రాంతములో తెలుగువారి మధ్య సేవకు వచ్చిన తిరునెల్వేలి యువకుడు వేదనాయగము శామ్యూల్ అజరయ్య గారు ఒకరు. 1912లో దోర్నకల్లుకు బిషప్పు అయినది వారే. అంత పెద్ద సభలో ఆయన లేచి, మీరు మా కొరకు ఆస్తులు ఇచ్చారు, ప్రాణములు ఇచ్చారు, అది మరువము, అయితే మాకు కావలసినది స్నేహితులు అనే అర్థము వచ్చేటట్లు చెప్పారు. సభలో కొందరికి అది రుచించలేదు. ఆ హాలు ముందరి ముంగిట జాన్ నాక్స్ విగ్రహము ఉన్నది. మన అమ్మాయిని ఒకసారి అటు పోయి చూడమన్నాము. చూచి ఫోటో పంపినది.

మన ప్రాంతము నుండి అక్కడ చదివినవారు ఆ రోజులలోనే ఉన్నారు. చీరాల పేరాల వారి పన్నుల పోరాటము నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు ఎడిన్‌బరో విశ్వవిద్యాలయములోనే ఎం.ఏ. చదివారు, మిత్రుడు నడింపల్లి నరసింహారావు గారితో కలిసి వెళ్ళి. ఆ చదువుతో ఆయన ఏమి సంపాదించారు అంటారా? ఆనంద కుమారస్వామి గారితో కూడి మన అభినయ దర్పణమును ఇంగ్లీషులోకి తెచ్చారు, 1917లో అమెరికాలో అచ్చయినది. 1921లో చీరాల జనమును ఊరి బయట రామనగరు పాకలలోకి తరలించి పదకొండు నెలలు నిలబెట్టారు. 1928లో, నలభై నిండకుండానే, క్షయతో, చేతిలో ఏమీ లేకుండ చనిపోయారు.

అంతకు ముందు 1904లో, మన ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి ప్రకాశం గారు బారిస్టరు చదువుకు లండను పోయారు. తండ్రి చిన్ననాడే పోగా, తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పెంచిన బిడ్డ. 1907లో తిరిగి వచ్చే వరకు ఓడ మీద ఉత్తరము పోయి రావడానికే వారములు పట్టేది. అంతకాలము ఇంటివారు ఓపికతో ఎదురు చూడవలసినదే. అప్పటివారు మనకంటే మంచివారని కాదు. ఓడ అంత నిదానము గనుక వారికి ఓపిక పట్టక తప్పలేదు. ఇప్పుడు ఫోను ఒక్క క్షణములో పోతుంది గనుక డబ్బు కూడ అంత వేగముగా రావలెనని అనుకుంటున్నాము.

హన్నా సంగతి మీకు తెలుసు. దేవుని మందిరములో విడిచి వచ్చిన సమూయేలు కొరకు ఏటేటా ఒక అంగీ కుట్టి తీసుకుపోయేది. అక్కడ నుండి ఏమి తెచ్చుకునేదో లేఖనములో ఎక్కడా లేదు.

ఈ కాగితము తీసుకొని మేము, సంఘ పెద్ద ఒకరు, ఆ ఇంటికి పోయాము. తండ్రి అరుగు మీద కూర్చొని మొత్తము చదివించుకొని విన్నాడు. గిన్నెల దగ్గర ఆపి, "ఎన్ని గంటలన్నారు?" అని మళ్ళీ అడిగాడు. చాలాసేపు ఎవరము మాట్లాడలేదు. తరువాత తల్లి లోపలికి పోయి నల్లపూసల గొలుసు, రెండు గాజులు తెచ్చి బల్ల మీద పెట్టినది. బ్యాంకులో బంగారము మీద అప్పుకు ఏడాదికి నూటికి పది అటూ ఇటూ వడ్డీ పడుతుంది. ఊరిలో రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి ఇరవై నాలుగు. బంగారము మీద వచ్చిన దానితో ఊరి అప్పులో సగానికి పైగా తీరినది. మిగిలినది కళ్ళములో కాయలు అమ్మిన తరువాత ఇస్తానని తండ్రి షావుకారుకు చెప్పి వచ్చాడు. చదువు అప్పు ఇచ్చిన బ్యాంకు సాధారణముగా చదువు అయిన తరువాత ఏడాది వరకు వాయిదా అడగదు, వడ్డీ మాత్రము ఎక్కుతూ ఉంటుంది. ఆ కాగితము కూడ తెప్పించి చూచుకున్నాము. అమ్మాయికి మే నెల నుండి ఆగస్టు వరకు పెద్ద వ్యాసము వ్రాసే పని ఉన్నది, మరో అరవై క్రెడిట్లు. అది అయ్యే దాకా డబ్బు మాట ఎత్తమని ఆ దంపతులు మా ఎదుటనే ఫోను చేసి చెప్పారు, రాత్రి తొమ్మిదింటికి.

ఇక ఈ ఏడాది బిడ్డలను పంపదలచినవారికి. కన్సల్టెన్సీవారు బ్యాంకులో 28 రోజులు నిలువ చూపించుటకు డబ్బు సర్దుతామంటారు, 29వ రోజున తీసేసుకుంటారు, దానికీ వడ్డీయే. తొమ్మిది నెలల బ్రతుకుకు 10,224 పౌండ్లు అని 2025లో అక్కడి ప్రభుత్వము అడిగినది చూపించుటకు కాదు, తినుటకు. ముందు పెండ్లి చేసి అల్లుని కూడ వెంట పంపుదామనుకునేవారు తెలుసుకోండి, 2024 జనవరి నుండి మామూలు ఎం.ఎస్సీ. విద్యార్థి వెంట భార్యను, భర్తను రానీయడము లేదు. చదువు తరువాత రెండేండ్లు ఉండి పని చేసుకోవచ్చని ఇచ్చిన కాగితము మీద తేదీ చూడండి. 2027 జనవరి 1 నుండి దరఖాస్తు చేసే ఎం.ఎస్సీ. వారికి అది 18 నెలలే.

అమ్మాయి వ్రాసిన వారము కాగితము నకలు, పేరు కొట్టివేసి, మా దగ్గర పెట్టుకున్నాము. చూడదలచినవారు బుధవారము ప్రార్థన కూడిక తరువాత రండి. కన్సల్టెన్సీవారు ఇచ్చిన కాగితములు, బ్యాంకు కాగితములు వెంట తెచ్చుకోండి. అప్పు పత్రము మీద సంతకము పెట్టక ముందే రండి. బిడ్డను కూడ తీసుకురండి.